అలమర కింద నాలుగు గిన్నెలు

మా వంటింట్లో ఒక పాత చెక్క అలమర ఉంది. అమ్మమ్మ పెళ్ళికి వాళ్ళ పుట్టింటివాళ్ళు చేయించి ఇచ్చారట. పంచదార, బెల్లం, పచ్చడి జాడీలు, రాత్రి మిగిలిన కూర అన్నీ అందులోనే ఉంటాయి. వానాకాలం వచ్చిందంటే చాలు, చీమలకి కూడా ఆ అలమరే ఇల్లు. మా యానాంలో గోదావరి పక్కనే ఉంటాం కాబట్టి వాన పడితే నేల ఊరుతుంది. నేలలో ఉన్న చీమలు గుడ్లు మోసుకుని గోడలెక్కేస్తాయి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు వదిలినప్పుడు యానాంలో చాలా వీధుల్లోకి వరద వచ్చింది కదా, అప్పుడైతే మా గోడ మీద చీమల బారు మూడు రోజులు తెగలేదు.

పోయిన సంవత్సరం జూన్‌లో ఒకరోజు అమ్మ పంచదార డబ్బా మూత తీస్తే లోపలంతా ఎర్రగా కదులుతోంది. "ఇంక నావల్ల కాదు, ఏదో మందు తెచ్చి కొడతాను" అంది అమ్మ. అమ్మమ్మ ఒప్పుకోలేదు. "తినే వస్తువుల దగ్గర మందులేంటే? నాలుగు గిన్నెలియ్యి" అంది. నాన్న, నేను అలమర పైకెత్తి పట్టుకుంటే అమ్మమ్మ దాని నాలుగు కాళ్ళ కింద నాలుగు పాత స్టీలు గిన్నెలు పెట్టించింది. వాటిల్లో నీళ్ళు పోసింది. అంతే! చీమలు గిన్నె అంచుదాకా వచ్చి, చుట్టూ తిరిగి, వెనక్కి వెళ్ళిపోయాయి. రూపాయి ఖర్చు లేదు.

నాకు అది ఎంత నచ్చిందంటే, ఆ రోజే ఒక నోటుబుక్కు తీసి "ఇంటి చిట్కాలు" అని పేరు రాసుకున్నాను. గిన్నెల చిట్కా మొదటిది. గిన్నెల్లో నీళ్ళు తగ్గకుండా చూసే పని కూడా నాదే అని చెప్పాను. రెండు మూడు రోజులకోసారి చెంబుతో నీళ్ళు తెచ్చి తగ్గినంత పోసేదాన్ని. ఒక్కసారి కూడా మర్చిపోలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత దీంతో పని ఉంది.

ఆ నోటుబుక్కులో తర్వాత చాలా రాశాను. మా వీధిలో పెద్దవాళ్ళని అడిగాను, కొన్ని మా ఇంట్లోనే చేసి చూశాను.

బియ్యంలో పురుగుకి ఎండు వేపాకు, ఎండు మిరపకాయలు వేయమన్నారు. వేశాను. కొత్త పురుగు తగ్గింది గాని ఉన్నది పోలేదు. ఎందుకో మా సైన్సు టీచర్ చెప్పారు. ముక్కు పురుగు బియ్యపు గింజకి చిన్న కన్నం చేసి, లోపల గుడ్డు పెట్టి, ఆ కన్నాన్ని మూసేస్తుందట. పిల్ల పురుగు గింజ లోపలే తిని పెరుగుతుంది. గింజ లోపల దాక్కున్నదాన్ని పైన ఉన్న వేపాకు ఏం చేస్తుంది? అందుకే ముందు బియ్యం పల్చగా ఎండలో పోసి, జల్లించి, తడిలేని డబ్బాలో గట్టిగా మూత పెట్టి, అప్పుడు వేపాకు వేయాలి. మేము ఒక్క వేపాకు వేసి మిగతావన్నీ వదిలేశాం.

నల్లులకి మంచాన్ని ఎండలో వేసి, కోళ్ళు బిగించిన సందుల్లో సలసల కాగే నీళ్ళు పోయాలి. ఇది బాగా పని చేసింది, కానీ ఒక్కసారి చేస్తే చాలదు. దొరక్కుండా పోయిన గుడ్లు మళ్ళీ పిల్లలవుతాయి కాబట్టి వారానికోసారి కొన్ని వారాలు చేయాలి.

బొద్దింకలకి బోరిక్ పౌడరు. క్యారమ్ బోర్డు మీద జల్లుతారు చూడండి, అలాంటిదే. దాన్ని గోధుమపిండి, పంచదారతో కలిపి చిన్న చిన్న ఉండలు చేసి సింకు కింద పెట్టాలి. బొద్దింక తిన్న వెంటనే చావదు, మెల్లగా చస్తుంది. నేను పదిహేను ఉండలు చేసి పళ్ళెంలో వరసగా పెట్టి అమ్మకి గొప్పగా చూపించాను. అప్పుడు మా పిన్ని వాళ్ళ రెండేళ్ళ బాబు మా ఇంట్లోనే ఉన్నాడు. అమ్మ ఆ పళ్ళెం నా చేతిలోంచి లాక్కుని, "చంటిపిల్లాడు పాకే ఇంట్లో లడ్డూల్లాంటి విషం పెడతావా?" అని కేకలేసింది. నేను ఇంట్లో చేసింది కదా, మందు కాదు కదా అనుకున్నాను. ఇంట్లో చేసినా అది విషమే. బొద్దింకని చంపేది మనిషికి మంచిది ఎలా అవుతుంది? ఆ ఉండలన్నీ పారేశాం. బదులుగా రాత్రి పడుకునేముందు సింకు పొడిగా తుడవడం, అంట్లు ఉంచకపోవడం, గొట్టం పక్కన ఉన్న కన్నం మూసేయడం మొదలుపెట్టాం. బొద్దింక తిండి లేకుండా చాలా రోజులు ఉండగలదు గాని నీళ్ళు లేకుండా అన్ని రోజులు ఉండలేదు. పూర్తిగా పోలేదు, కానీ లైటు వేస్తే పరిగెత్తేవి బాగా తగ్గాయి.

ఇంక దోమలు. దోమల విషయంలో మా ఇంట్లో ఎవరూ నోరెత్తరు, అంతా అమ్మమ్మ చెప్పినట్టే. ఎందుకంటే అమ్మమ్మకి కుడికాలు బోదకాలు. గోదావరి జిల్లాల్లో, మా యానాంలో పెద్దవాళ్ళున్న ఇళ్ళల్లో ఇది కొత్త విషయం కాదు. ముప్పై ఏళ్ళు రాకముందే వాపు మొదలైందట. నేను పుట్టినప్పటినుంచీ అమ్మమ్మని అలాగే చూశాను. రోజూ రాత్రి ఆవిడ కాలు సబ్బుతో కడిగి, వేళ్ళ మధ్య తడి లేకుండా తుడిచి, ఎత్తు మీద పెట్టుకుంటారు. అలా చెయ్యకపోతే పుండ్లు పడి జ్వరం వస్తుంది.

"మురుగు దోమ కుట్టి నా కాలు ఇలా అయింది. మీకు అవ్వకూడదు" అనేది అమ్మమ్మ మాట. ఆవిడ చెప్పింది నిజమే. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమ మురుగునీళ్ళలో పెరుగుతుంది, రాత్రిపూట కుడుతుంది. దీనికి వాడే డైఇథైల్ కార్బమజైన్ అనే మందు వెనక ఉన్నది మన తెలుగువాడే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో పని చేస్తున్నప్పుడు, 1940లలో ఆయన బృందం దాన్ని తయారు చేసింది. బోదకాలు నివారణకి ఊళ్ళల్లో ఇంటింటికీ వచ్చి మింగించే మాత్రల్లో అదీ ఒకటి. కానీ ఒకసారి బాగా ముదిరిన వాపు ఆ మందుతో మామూలు కాలులా అవ్వదు. అందుకే అమ్మమ్మకి దోమంటే అంత కోపం.

కాబట్టి మా ఇంటి వెనక కాలవ ఎప్పుడూ శుభ్రంగా ఉండాలి. చెత్త అడ్డం పడితే అమ్మమ్మ కర్ర తీసుకుని ఆవిడే లాగుతారు. సాయంత్రం ఆరుగంటలకి నిప్పుల్లో వేపాకు, సాంబ్రాణి వేసి పొగ. రాత్రి దోమతెర. ఈ మూడూ నా నోటుబుక్కులో ఎర్ర పెన్నుతో రాసి ఉన్నాయి. పొగ దోమని చంపదు, కాసేపు పక్కింటికి పంపిస్తుంది అంతే అని నాకు అప్పుడే అనుమానం. పైగా ఆ పొగకి నాకే దగ్గు వచ్చేది. కానీ అమ్మమ్మకి చెప్పే ధైర్యం లేదు.

సెప్టెంబరులో నాన్నకి జ్వరం వచ్చింది.

మొదటి రోజు మామూలు జ్వరమే అనుకున్నాం. రెండో రోజుకి కళ్ళ వెనక నొప్పి, ఒళ్ళంతా ఎవరో కర్రతో కొట్టినట్టుందన్నారు. నాన్న ఎప్పుడూ పనికి మానరు. మానితే ఆ రోజు కూలి లేదు. అలాంటిది లేచి కూర్చోలేకపోయారు. ఆసుపత్రికి తీసుకెళ్తే రక్తపరీక్ష చేసి డెంగ్యూ అన్నారు. డాక్టరు గారు ఓపికగా చెప్పారు. డెంగ్యూ వైరస్‌ని చంపే మందంటూ లేదు, నీళ్ళు, ఓఆర్ఎస్ బాగా తాగించాలి, జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే ఇవ్వాలి, ఒళ్ళు నొప్పులని ఇంకో మాత్ర వేయకూడదు అన్నారు. అన్నిటికంటే ముఖ్యంగా, జ్వరం తగ్గిందని సంబరపడొద్దు, తగ్గే రోజుల్లోనే ప్రమాదం ఉంటుంది, కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం కనిపిస్తే అర్ధరాత్రైనా తీసుకురండి అన్నారు.

అయిదో రోజు జ్వరం తగ్గింది. నాన్న గంజి తాగారు. అమ్మ నవ్వింది. ఆ రాత్రే నాన్న వాంతులు మొదలుపెట్టారు. ఆటోలో తీసుకెళ్తుంటే నాన్న తల అమ్మ ఒళ్ళో ఉంది. నేను ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాను. వెనక్కి చూడాలంటే భయమేసింది. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయని చేర్చుకుని సెలైన్ పెట్టారు. నాలుగు రోజులు ఉంచారు. పక్కింటి ఆంటీ బొప్పాయి ఆకు రసం సీసాలో పోసి తెచ్చారు. ప్రేమతో తెచ్చారు, కాదనలేం. కానీ నర్సమ్మ గారు "ముందు సెలైన్ పోనివ్వండి, వాంతులవుతున్న మనిషికి చేదు పట్టకండి" అన్నారు. నాన్న బాగయ్యారు. దేవుడి దయ. కానీ మళ్ళీ పనికెళ్ళడానికి దాదాపు నెల పట్టింది. ఆ నెల మా ఇల్లు ఎలా గడిచిందో అమ్మకి తెలుసు.

నాన్న ఇంకా ఆసుపత్రిలో ఉండగానే ఆరోగ్య కార్యకర్తలు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. డెంగ్యూ వచ్చిన ఇంట్లో, చుట్టుపక్కల ఇళ్ళల్లో దోమ ఎక్కడ పుడుతోందో చూస్తారట. అమ్మమ్మ వాళ్ళని నేరుగా కాలవ దగ్గరికి తీసుకెళ్ళి, "చూడండమ్మా, మా కాలవ అద్దంలా ఉంటుంది. రోజూ నేనే చూసుకుంటాను" అన్నారు. అందులో ఒకావిడ, "కాలవ బాగుందండి మామ్మగారూ. కానీ డెంగ్యూ దోమ మురుగులో పెట్టదు, మంచినీళ్ళలో పెడుతుంది" అన్నారు. వాళ్ళు డాబా మీద చూశారు, ట్యాంకు మూత చూశారు, పూలకుండీలు చూశారు. ఎక్కడా ఏమీ లేదు. వెళ్ళిపోతూ మంచినీళ్ళు అడిగి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. అప్పుడు ఆవిడ కన్ను అలమర కింద పడింది. వంగి టార్చి వేశారు.

"ఇదేంటమ్మా?"

నేను చీమల కోసం అని చెప్పాను. ఆవిడ ఒక గరిటె అడిగి, గిన్నెలో నీళ్ళు తీసి తెల్ల పళ్ళెంలో పోశారు. ఆ నీళ్ళలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ పైకీ కిందకీ ఈదుతున్నాయి. నాలుగు గిన్నెల్లో మూడింట్లో ఉన్నాయి.

అమ్మమ్మ ఏమీ మాట్లాడలేదు. గోడ పట్టుకుని పీట మీద కూర్చుండిపోయారు.

ఆవిడ మమ్మల్ని తిట్టలేదు. కూర్చోబెట్టి చెప్పారు. ఈ దోమ పేరు ఈడిస్. కాళ్ళ మీద తెల్ల చారలుంటాయి. ఇది పగలు కుడుతుంది, కాబట్టి రాత్రి కట్టే దోమతెర దీన్ని ఆపలేదు. గుడ్లు నీళ్ళ మీద పెట్టదు, నీళ్ళకి కాస్త పైన గిన్నె గోడకి అంటిస్తుంది. ఆ గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి చావవు. మళ్ళీ నీళ్ళు తగిలితే పిల్లలవుతాయి. అంటే నీళ్ళు తగ్గినప్పుడల్లా చెంబుతో తెచ్చి పోసింది ఎవరు? నేను. ఒక్కసారి కూడా గిన్నె తీసి కడగలేదు. చీమల్ని ఆపానని గర్వపడుతూ మూడు నెలలు దోమలకి నీళ్ళు పోశాను.

నాన్నని కుట్టిన దోమ ఆ గిన్నెలోదే అని ఎవరూ చెప్పలేరు. అది నాన్న పని చేసే చోటిది కావచ్చు, వీధి చివర పాత టైరులోది కావచ్చు. ఆ దోమ ముందు డెంగ్యూ ఉన్న వేరే మనిషిని కుట్టి ఉండాలి కూడా. అమ్మ కూడా "నీ తప్పేం లేదే" అంది. కానీ కాదు అని కూడా ఎవరూ చెప్పలేరు కదా. ఆసుపత్రిలో నాన్న మంచం పక్కన కూర్చున్నప్పుడు నాకు అదే గుర్తొచ్చేది. ఇంటికొచ్చాక నాన్నకి చెప్పి ఏడ్చేశాను. నాన్న నవ్వి, "చీమలు పట్టిన పంచదారతో టీ తాగే బాధ తప్పించావు కదా" అన్నారు.

తర్వాత నేను ఈ విషయం సైన్సు టీచర్‌కి చెప్పాను. టీచర్ రోనాల్డ్ రాస్ గురించి చెప్పారు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో ఆయన దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశారు. అంతకుముందు జనం చెడ్డ గాలి వల్ల మలేరియా వస్తుందనుకునేవారు, ఆ పేరుకి అర్థం కూడా అదే. "మీ అమ్మమ్మగారు వాళ్ళకంటే చాలా నయం, దోమ దాకా వచ్చారు. ఇంకో దోమ ఉందని ఆవిడకి ఎవరూ చెప్పలేదంతే" అన్నారు. దోమల మీద పరిశోధన చేసే పెద్ద కేంద్రం మన పుదుచ్చేరిలోనే 1975 నుంచి ఉందని, 1980లలో అక్కడివాళ్ళు పుదుచ్చేరి పట్టణంలో బోదకాలు దోమ పుట్టే చోట్లన్నీ వెతికి తగ్గించే పని చేశారని కూడా చెప్పారు. అంటే అంత చదువుకున్నవాళ్ళు చేసిందీ ముందు వెతకడమే. మా ఇంటికి వచ్చినావిడ టార్చితో చేసిందీ అదే.

టీచర్ దగ్గర ఉండి చేయించిన పరీక్ష ఒకటి చెప్తాను. మా చుట్టుపక్కల పూలకుండీ పళ్ళెంలో దొరికిన దోమ పిల్లల్ని రెండు గాజు గ్లాసుల్లో వేసి, పైన పల్చటి గుడ్డ గట్టిగా కట్టాం. మొదటి గ్లాసులో మామూలు నీళ్ళు. రెండో గ్లాసులో కాస్త బట్టల సబ్బు కలిపిన నీళ్ళు. సబ్బునీళ్ళలో ఉన్నవి సాయంత్రానికి అడుక్కి పోయి చచ్చాయి. అవి తోక దగ్గరున్న గొట్టాన్ని నీళ్ళపైకి పెట్టి గాలి పీలుస్తాయి. సబ్బు కలిస్తే నీళ్ళ మీద అలా వేలాడలేవు, గాలి అందదు. మామూలు నీళ్ళలో ఉన్నవి మూడో రోజుకి కామా ఆకారంలో ప్యూపాలయ్యాయి. అయిదో రోజు పొద్దున్న గుడ్డ కింద ఒక దోమ కూర్చుని ఉంది. కాళ్ళకి తెల్ల చారలు. దాన్ని చూడగానే నాకు కోపం వస్తుందనుకున్నాను, భయమేసింది. అంత చిన్నది!

గుడ్డు నుంచి దోమ అవ్వడానికి ఎండాకాలం, వానాకాలం మన దగ్గర వారం, పది రోజులు పడుతుంది. కాబట్టి వారానికోసారి నీళ్ళు పారబోసి, గిన్నె లోపలి గోడని పీచుతో రుద్ది కడిగితే దోమ తయారయ్యే లోపే కథ అయిపోతుంది. మన పక్క ఆంధ్రాలో దీన్నే "ఫ్రైడే డ్రైడే" అంటారు. నా దృష్టిలో దోమకి ఇంతకు మించిన చిట్కా లేదు. దీనికి వేపాకు కూడా అక్కర్లేదు.

ఇప్పుడు మా అలమర కింద గిన్నెలు తీసేశామనుకుంటున్నారా? లేదు. ఉన్నాయి. అమ్మమ్మ చిట్కా మంచిదే, చీమల్ని నిజంగానే ఆపుతుంది. కాకపోతే ఇప్పుడు వాటిల్లో సబ్బునీళ్ళు ఉంటాయి. ప్రతి శుక్రవారం నాన్న, నేను అలమర ఎత్తుతాం, అమ్మ గిన్నెలు తీస్తుంది, అమ్మమ్మ పీట మీద కూర్చుని వాటిని కొబ్బరిపీచుతో తోముతారు. ఎవరు తోముతామన్నా ఇవ్వరు. "మీకు గోడ సరిగ్గా రుద్దడం రాదు" అంటారు. సాయంత్రం పొగ మానేశారు. నా దగ్గు సంగతి చెప్తే, "ముందే చెప్పొచ్చు కదే" అన్నారు!

నా నోటుబుక్కు కూడా మార్చాను. ఇదివరకు ఒక పక్కన పురుగు పేరు, ఇంకో పక్కన చిట్కా రాసేదాన్ని. ఇప్పుడు మధ్యలో ఇంకో రెండు గీతలు గీశాను. ఒకదాంట్లో అది ఎక్కడ పుడుతుంది, ఎలా బతుకుతుంది అని రాస్తాను. రెండోదాంట్లో ఈ చిట్కా వల్ల ఇంకెవరికైనా ప్రమాదముందా అని రాస్తాను. ఆ రెండు గళ్ళూ నిండకపోతే చిట్కా రాయను. బోరిక్ ఉండల దగ్గర "చంటిపిల్లలు" అని ఉంది. గిన్నెల దగ్గర ఏముందో మీకు తెలుసు.

ఈ వ్యాసం చదివిన ఫ్రెండ్స్, అమ్మానాన్నలు, టీచర్లు అందరినీ ఒక్కటే అడుగుతున్నాను. ఈ రోజు ఇంటికెళ్ళాక ఒక్క పది నిమిషాలు చూడండి. ఫ్రిజ్ వెనక నీళ్ళు పడే ట్రే, కూలర్ అడుగు, పూలకుండీ కింద పళ్ళెం, పెరట్లో కొబ్బరి చిప్పలు, మూత లేని డ్రమ్ము, పాత టైరు, మంచానికో అలమరకో కింద పెట్టిన గిన్నె. టార్చి వేసి చూడండి. ఏదైనా కదిలితే పారబోసి, రుద్ది కడిగెయ్యండి. మీ ఇంట్లో మామ్మగారో తాతగారో కాలవ గురించి చెప్తే అది కూడా వినండి, ఆ దోమ కూడా ఉంది.

మొన్న శుక్రవారం నాకు పరీక్ష ఉండి మర్చిపోయాను. రాత్రి చదువుకుంటుంటే వంటింట్లోంచి అమ్మమ్మ గొంతు వినిపించింది.

"అమ్మాయ్, ఇవాళ ఏ వారం?"

పుస్తకం మూసి లేచాను.